తొట్టి అంచున దీపం

ధనుర్మాసపు తెల్లవారుజామున కిటికీ తెరిస్తే, చలిగాలితో పాటు గుడి మైకులోంచి తిరుప్పావై వినవస్తుంది. రాత్రి పొద్దుపోయాక యువకులు క్యారల్స్ పాడుకుంటూ వీధులు తిరుగుతారు. చీకటిలో మేలుకొని ఎదురుచూడటమే హేమంత ఋతుధర్మం కాబోలు.

క్రిస్మస్ కార్డుల మీద మంచుకొండలు అచ్చువేస్తారు. నాకు మాత్రం ఆ పండుగ అనగానే ఉప్పునీటి వాసన జ్ఞాపకం వస్తుంది. మాది దివిసీమ, నాగాయలంక దాపున ఒక చిన్న పల్లె. 1977 నవంబరు 19, శనివారం నాడు ఉప్పెన వచ్చింది. వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. తాటిచెట్టును కరచుకొని నేను బతికాను. రెండో చేతిలోంచి తమ్ముడు జారిపోయాడు. వాడికి తొమ్మిదేళ్ళు. ఈ నాలుగు ముక్కలు వ్రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఎనిమిది రోజులకు, నవంబరు 27న, ఆగమన కాలపు తొలి ఆదివారం వచ్చింది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ప్రభువు రాకకై నిరీక్షించే కాలమది. పైకప్పు ఎగిరిపోయిన చర్చిలో, మొండిగోడల నడుమ నిలబడి మావాళ్ళు ప్రార్థన చేశారు. నేను వెళ్ళలేదు. "రావలసిన రాత్రి రానివాడు ఇప్పుడొస్తే ఎంత, రాకుంటే ఎంత?" అన్నాను నాన్నగారితో. ఆయన ఉపదేశి. ఊరందరికీ వాక్యం చెప్పే మనిషి, కన్నకొడుక్కి జవాబు చెప్పలేక తల వంచుకున్నారు.

ఏటా తమ్ముడూ నేనూ వెదురుబద్దలకు రంగు కాగితాలు అంటించి నక్షత్రం కట్టేవాళ్ళం. ఆ యేడు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. డిసెంబరు 24 రాత్రి అమ్మ ఉన్నట్టుండి లేచి లాంతరు వెలిగించింది. తగిలించడానికి చూరు లేదు. గేదెలు కొట్టుకుపోగా మిగిలిన రాతి తొట్టిలోని బురద కడిగి, దాని అంచున లాంతరు పెట్టింది.

నడిరాత్రి దాటాక ఎవరో చేలకు అడ్డంపడి వచ్చారు. పొరుగూరి రైతు. మా మతస్థుడు కాడు. ఆలుబిడ్డలను పోగొట్టుకొని, నిద్రపట్టక తిరుగుతున్నాడట. "దీపం కనబడితే వచ్చానమ్మా" అన్నాడు. "కూర్చో నాయనా" అని అమ్మ గంజి ఇచ్చింది. తెల్లవారేదాకా నలుగురం ఆ తొట్టి దగ్గరే కూర్చున్నాం. ఉప్పెన వచ్చిన ముప్ఫయ్యారు రోజులకు, ఆ వేకువన, అమ్మ మొదటిసారి ఏడ్చింది.

పసివాణ్ణి పరుండబెట్టిన పశువుల తొట్టిని గురించి లూకా సువార్తలో అంతకుముందు ఎన్నోసార్లు చదివాను. మన తెలుగులో పశువులు నీళ్ళు త్రాగేది తొట్టి, పసివాళ్ళు నిదురించేది తొట్టెల. ఆ రెండు మాటలూ ఎంత దగ్గరివో తరువాత ముప్ఫయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను గాని, నాకు తెలిసింది ఆ రాత్రే. సత్రంలో చోటు దొరకనివారికి పుట్టిన బిడ్డ, ఇల్లు కూలినవారి వాకిటికి రావడానికి సంకోచించడు.

నా ప్రశ్నకు సమాధానం దొరికిందని చెప్పను. వాడి చెయ్యి ఎందుకు జారిందో నాకు నేటికీ తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. క్రిస్మస్ దీపం పెట్టేది చీకటి తొలగిపోయిందని చాటడానికి కాదు. చీకట్లో నడిచే మనిషికి ఇక్కడొక ఇల్లుందని తెలియడానికి.

అందుకే డిసెంబరు మొదటి తేదీనే మా వాకిట నక్షత్రం కడతాను. కరెంటు దండగ, పడుకోబోయే ముందైనా ఆర్పమంటుంది మా ఆవిడ. ఆర్పను. ఎవరైనా నడుస్తూ ఉండవచ్చు.