మదనపల్లెలో కలిసిన స్వరాలు

'లెక్కలా, పాటలా... ఏదో ఒకటి తేల్చుకో!'

ఏడో తరగతి చదివే మా అమ్మాయితో ఆ మాట అన్నది నేనే. సంగీతం మాన్పించి ఐఐటీ ఫౌండేషన్ క్లాసులో చేర్పిద్దామని నా ఆలోచన. అది ఏమీ మాట్లాడలేదు. శ్రుతిపెట్టె తీసుకెళ్లి అటక మీద పెట్టేసింది.

ఆ వారమే పనిమీద తిరుపతి నుంచి మదనపల్లె వెళ్లాను. టమోటా మార్కెట్ దాటి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ ముందు నిలబడితే, చిన్నప్పుడు మా మాస్టారు చెప్పిన సంగతి గుర్తొచ్చింది.

1919 ఫిబ్రవరి. దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ టాగూర్ ఈ కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. ఓ సాయంత్రం అందరూ కూర్చున్నప్పుడు టాగూర్ తాను 1911లో బెంగాలీలో రాసిన 'జనగణమన' పాడారు. పిల్లలు గొంతు కలిపారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతంలో పట్టా పొందిన మనిషి. ఆ బాణీని స్వరలిపిలో పెట్టారు. టాగూర్ ఇక్కడే ఆ పాటను 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా'గా ఇంగ్లీషులోకి మార్చారు. 1950 జనవరి 24న అందులోని మొదటి చరణం మన జాతీయగీతమైంది.

బాణీ బెంగాల్ నుంచి వచ్చింది. దాన్ని కాగితం మీద నిలిపే విద్య ఐర్లండ్ నుంచి వచ్చింది. గొంతులు మన రాయలసీమ పిల్లలవి. కవికి స్వరలిపితో పనేమిటని ఆ రోజు ఎవరైనా అనుకుని ఉంటే?

ఇంకో సంగతీ ఉంది. మార్గరెట్ అన్నీ కొంచెం కొంచెం తెలిసిన మనిషి కాదు. తన విద్య లోతుగా తెలుసు కాబట్టే పరాయి పాటకు సాయపడగలిగారు. కలపడమంటే తలా కాస్త చల్లడం కాదు. ఎవరి పని వాళ్లకు బాగా వచ్చి ఉండాలి, పక్కవాళ్లు చెబితే వినే మనసూ ఉండాలి.

ఇంటికొచ్చి శ్రుతిపెట్టె కిందికి దించాను.

'ఆదితాళానికి ఎన్ని అక్షరాలమ్మా?'

'ఎనిమిది. నాలుగు, రెండు, రెండు' వేళ్ల మీద లెక్కపెట్టి చూపించింది.

నేను విడదీయాలనుకున్న రెండూ దాని చేతిలో కలిసే ఉన్నాయి!

ఫౌండేషన్ క్లాసు సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నాను. మా ఆవిడకు ఇంకా పూర్తిగా నచ్చలేదు. నిజం చెప్పొద్దూ... నాకూ లోపల కాస్త భయంగానే ఉంది. కానీ సాయంత్రమయ్యేసరికి ఇంట్లో మళ్లీ సరళీ స్వరాలు వినిపిస్తున్నాయి.