ప్రవేశిక రచన – కమాండ్‌లైన్ పాఠం: ఒక పరిశీలన

చిన్నయసూరి 1858లో వెలువరించిన వ్యాకరణం పేరులో ‘బాల’ శబ్దం ఉన్నా, సూత్రబద్ధమైన ఆ గ్రంథం వ్యాఖ్యాత తోడు లేకుండా బాలురకు అందదన్నది తెలుగు బోధకులకు అనుభవైకవేద్యం. కంప్యూటర్ రంగంలోనూ ఈ చిక్కు ఉంది. యునిక్స్ వ్యవస్థకు 1971లో వచ్చిన తొలి మాన్యువల్ తెలిసినవారికి నిఘంటువు వంటిది. నిఘంటువు చదివి ఎవరూ భాష నేర్వలేరు.

ఈ లోటు తీర్చిన రచయితలలో బ్రయన్ కెర్నిహాన్ ముఖ్యుడు. డెనిస్ రిచీతో కలిసి ఆయన 1978లో ప్రచురించిన సి భాషా గ్రంథంలో మొదటి ప్రోగ్రాం చేసే పని ‘హలో, వరల్డ్’ అన్న రెండు మాటలను ముద్రించడమే. ప్రోగ్రాంను ఫైలులో రాయడం, కంపైల్ చేయడం, నడపడం, ఫలితం ఎక్కడ వచ్చిందో కనుక్కోవడం – తొలి అడ్డంకి ఇదేనని, తక్కినది దీనితో పోలిస్తే సులభమని ఆ గ్రంథం ఆరంభంలోనే చెబుతుంది. అంతకన్నా గమనార్హమైనది మరొకటి ఉంది. పొరపాటు లేకపోతే కంపైలర్ ఏమీ పలకకుండా పని ముగిస్తుందని ముందే తెలుపుతుంది. నిపుణుడికి ఆ మౌనం అంగీకారసూచకం. కొత్తవాడికి మాత్రం తన మాట యంత్రం వినలేదేమోనన్న శంక. రచయిత ఆ శంకను ఊహించగలిగాడు. ప్రవేశికాకర్తకు విషయజ్ఞానం కన్నా ఈ ఊహే అరుదు.

అయితే ప్రవేశికలకూ వార్ధక్యం తప్పదు. ఆ గ్రంథం చెప్పినట్లు ‘ఎ.అవుట్’ అని టైపు చేస్తే నేటి లినక్స్‌లో సాధారణంగా అటువంటి కమాండ్ లేదన్న సమాధానం వస్తుంది. షెల్ కమాండ్లను ‘పాత్’ అనే జాబితాలోని డైరెక్టరీలలోనే వెతుకుతుంది. భద్రత దృష్ట్యా, మనమున్న డైరెక్టరీని అందులో చేర్చరు. అందువల్ల పేరుకు ముందు ఒక చుక్క, ఒక వాలుగీత ఉంచాలి. ఆ రెండు గుర్తుల సంగతి తెలియని విద్యార్థి పుస్తకాన్ని శంకించడు, తన తెలివినే శంకిస్తాడు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాడికి ఈ బాధ రెట్టింపు. తెరపై కనిపించే దోషసందేశం కూడా ఇంగ్లీషే కదా!

కమాండ్‌లైన్‌ను ‘ఆదేశపంక్తి’ అనాలా వద్దా అన్న చర్చకు మనం వెచ్చించే శ్రమలో కొంత ఇటు మళ్లించవచ్చు. పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాసే సంప్రదాయం మనకు ఉండనే ఉంది. తెలుగు ప్రవేశికలో ప్రతి దోషసందేశం కిందా అదే పద్ధతిలో, ఏ మాట దేనిని సూచిస్తుందో, తరువాత ఏ మీట నొక్కాలో రాయడానికి అడ్డేమీ లేదు.