తొట్టెలో చేప, తలపులో చేప

చేపలు పెంచేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మొదట నీళ్ళ సంగతి మాట్లాడుకుంటారు. తరువాత రోగాల సంగతి, ఆ తరువాత ధరల సంగతి. చిట్టచివరకు ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేయనే వేస్తారు: "డబ్బుకూ చోటుకూ లోటు లేకపోతే మీరు ఏ చేపను తెచ్చుకుంటారండీ?" అంతే! అంతవరకూ ఫిల్టరు గురించీ పాచి గురించీ గొణుగుతున్న పెద్దమనుషులు చిన్నపిల్లలైపోతారు.

నాకు తెలిసినంతలో ప్రతి చేపల పిచ్చివాడికీ రెండు చేపలుంటాయి. ఒకటి తొట్టెలో ఉంటుంది. దానికి మేత వేయాలి, వారం వారం నీళ్ళు మార్చాలి, ఊరికి వెళితే పక్కింటివారికి అప్పగించాలి. రెండోది తలపులో ఉంటుంది. అది మేత అడగదు, జబ్బు పడదు. అందుచేత దాని అందం తరగదు.

మా గోదావరి ప్రాంతంలో ఈ మాటలు చెబితే నవ్వుతారు. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అనే సామెత పుట్టిన గడ్డ గదా! మా బావగారు వచ్చినప్పుడల్లా నా తొట్టె ముందు చేతులు కట్టుకు నిలబడి, "ఇన్ని చేపలున్నాయి గాని, పులుసుకు పనికొచ్చేది ఒక్కటీ లేదేమయ్యా!" అని నిట్టూరుస్తారు.

నా తొట్టె పెద్దదేమీ కాదు. మూడడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. వంద లీటర్ల పైచిలుకు నీళ్ళు పడతాయి. అందులో నాకు ప్రాణమైనవి డ్వార్ఫ్ గౌరామి అనే చిన్న చేపలు. మూడంగుళాలకు మించి పెరగవు. మగచేప ఒంటిమీద నీలం, ఎరుపు చారలు ఏటవాలుగా ఉంటాయి, ఎవరో నేర్పరి అయిన నేతగాడు మగ్గం మీద నేసినట్లు. పొట్టకింద దారాల్లాంటి రెండు రెక్కలు ముందుకు చాచి, చీకట్లో గోడ తడుముకుంటూ నడిచే మనిషిలా ఆకునూ రాయినీ తడిమి చూస్తూ తిరుగుతుంది.

దీనికి మొప్పలతోబాటు గాలి పీల్చుకునే అవయవం కూడా తలలో ఉంది. వేసవిలో కరెంటు పోయి గాలిపంపు ఆగిపోతే తక్కిన చేపలు గిలగిలలాడతాయి. గౌరామి మాత్రం తాపీగా పైకి వచ్చి, ఒక గుక్క గాలి మింగి, మళ్ళీ తన పని చూసుకుంటుంది. మన కొరమీను కూడా ఇలా గాలి పీల్చగలదే. అందుకే సంతలో తడిబుట్టలో అంతసేపు బతికి ఉంటుంది.

గుడ్లు పెట్టే కాలం వచ్చిందంటే మగచేప నీటిమీద బుడగలు ఊది, వాటిలో నాచు పోగులు చేర్చి గూడు కడుతుంది. గుడ్లు పెట్టాక ఆడచేపను తరిమేసి, తానే కాపలా కాస్తుంది. జారిపడిన గుడ్డును నోటితో అందుకుని మళ్ళీ గూట్లో పెడుతుంది. మా ఆవిడకు చేపలంటే అంతగా పట్టదు గాని, ఈ తంతు చూసి, "ఈ ఇంట్లో పిల్లల్ని చూసుకున్న మగవాడు ఇదొక్కడే సుమండీ!" అన్నది. నేను వినిపించుకోనట్లు మేత డబ్బా మూత బిగించాను.

చిత్రమేమిటంటే, మొదటిసారి ఈ చేపల్ని అమ్మిన దుకాణదారు, "ఇది సింగపూరు మాలు సార్!" అని గొప్పగా చెప్పాడు. పుస్తకాలు తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. ఇది గంగా బ్రహ్మపుత్రల చేప! ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే వైద్యుడు గంగానది చేపల గురించి 1822లో వేసిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటా ఈనాడు పెరుగుతున్న జీబ్రా చేప కూడా ఆ గ్రంథంలో ఉన్నదే. గంగలో పుట్టిన పిల్ల సింగపూరు మెట్టి, పైదేశపు సరుకు అనిపించుకుని పుట్టింటికి వచ్చిందన్నమాట.

ఇక కలల చేపల సంగతి. మా వీధి లెక్కల మాష్టారికి డిస్కస్ అంటే మోజు. అది అమెజాన్ నదీ ప్రాంతపు చేప. పళ్ళెంలా గుండ్రంగా, రాజకుమారిలా నిదానంగా ఉంటుంది. దానికి వెచ్చటి, మెత్తటి, బహుశుభ్రమైన నీళ్ళు కావాలి. ఆయన రిటైరైన తరువాత కల నెరవేర్చుకున్నారు. రోజూ నీళ్ళు మార్చడమే ఆయనకు సంధ్యావందనమైంది. ఒకనాటి తెల్లవారుజామున ఫోను చేసి, "ఒకసారి రాగలరా?" అన్నారు. వెళ్ళి చూద్దును గదా, ఆవగింజల్లాంటి పిల్లలు తల్లి ఒంటినీ తండ్రి ఒంటినీ అంటిపెట్టుకుని ఉన్నాయి. డిస్కస్ పిల్లలకు మొదటి ఆహారం తల్లిదండ్రుల చర్మం మీద ఊరే జిగురే. తల్లి అలసిపోతే తండ్రి వచ్చి పక్కన నిలబడుతుంది, పిల్లలు అటు మారతాయి. మాష్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేనూ ఏమీ మాట్లాడలేదు.

ఎదురింటి కాంట్రాక్టరుగారి కల ఆరోవానా. ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందని ఎవరో చెప్పారట. అసలు సిసలు ఎర్ర ఆరోవానా ఆగ్నేయాసియా చేప. అంతరించిపోతుందన్న భయంతో అంతర్జాతీయ ఒప్పందం కింద 1975 నుంచి దాని వ్యాపారం మీద కట్టుదిట్టాలున్నాయి. అనుమతి ఉన్న క్షేత్రాలలో పెంచి, ఒంట్లో గుర్తింపు చిప్పు పెట్టినవాటినే దేశాల మధ్య అమ్మాలి. ఖరీదు లక్షల మాట. కాంట్రాక్టరుగారు దక్షిణ అమెరికా జాతి వెండి ఆరోవానాతో సరిపెట్టుకున్నారు. వచ్చినప్పుడు అది నాలుగంగుళాలు. కాని ఆ జాతి మూడడుగుల దాకా పెరుగుతుంది, కొమ్మల మీది పురుగుల కోసం నీళ్ళలోంచి ఎగిరే అలవాటు కూడా ఉంది. ముందు తొట్టె మారింది, తరువాత సోఫా వరండాలోకి వెళ్ళింది, ఇప్పుడు తొట్టె మూతమీద బరువు పెట్టి ఉంచుతున్నారు. లక్ష్మి సంగతి చెప్పలేను గాని, చేప మాత్రం నిలిచింది.

నా కలల చేప వీటన్నిటికన్నా దగ్గరిది. దాని పేరు మిస్ కేరళ. జానెడైనా ఉండదు. వెండిలాంటి ఒళ్ళు. మూతి నుంచి కంటిమీదుగా నడుం దాకా కుంకుమ గీత, దాని కింద కాటుక గీత. ఫ్రాన్సిస్ డే అనే శాస్త్రజ్ఞుడు 1865లో దీన్ని లోకానికి పరిచయం చేసి, అప్పటి మద్రాసు గవర్నరు డెనిసన్ పేరు పెట్టాడు. చాలియార్, వళపట్టణం, చంద్రగిరి వంటి పడమటి కనుమల నదులలో, రాళ్ళ మధ్య పరుగెత్తే చల్లటి నీళ్ళలో గుంపులుగా ఉంటుంది. 1990ల తరువాత విదేశాలలో దీనికి ఎంత గిరాకీ వచ్చిందంటే, వాగుల్లోంచి అదేపనిగా పట్టి పంపారు. ఈనాడది అపాయంలో ఉన్న జాతుల ఎర్ర జాబితాలో ఉంది.

2012లో ఒకనాడు ఒక దుకాణదారు కబురు చేశాడు: "సార్, మీరు అడిగే చేప వచ్చింది!" పరుగున వెళ్ళాను. ఆక్సిజన్ నింపిన సంచిలో ఆరు చేపలు. "పెంచినవి కావు సార్, వాగులో పట్టినవే. రంగు చూడండి!" అన్నాడు. నిజమే. అంత ఎరుపు నేను బొమ్మల్లో కూడా చూడలేదు. జేబులో డబ్బుంది. ఎలాగూ పట్టుబడ్డవే, నేను కాకపోతే మరొకరు కొంటారు అని మనసు వాదించింది. కాని నేను ఆరు కొంటే అతడు వచ్చే వారానికి మరో ఆరు తెప్పిస్తాడు. పైగా చల్లటి వాగులో పుట్టినదాన్ని తెచ్చి రోహిణీ కార్తెలో మా ఇంటి వేడినీళ్ళలో ఉడికించడమా? "వద్దులే బాబూ," అని వచ్చేశాను. అది గొప్ప త్యాగమని చెప్పను. వారం రోజులు అన్నం సహించలేదు.

వాగులో పట్టడమే పాపమని కూడా అనలేను. బ్రెజిల్లో రియో నీగ్రో నది ఒడ్డున బార్సెలోస్ అనే ఊరుంది. అక్కడివాళ్ళు కార్డినల్ టెట్రా అనే ఎర్రచేపల్ని పట్టి అమ్మి బతుకుతారు. ఆ చేపలు లెక్కకు మిక్కిలిగా పుడతాయి, వాటి ఆయువు కొద్దిపాటిది. చేప మీద బతికే మనిషి ఆ నీటినీ అడవినీ కాపాడుకుంటాడు. అక్కడ సరిపడిన పద్ధతి మన పడమటి కనుమల సన్నటి వాగులకు సరిపడకపోయింది. అంచేత ఏ చేపకు ఆ చేప కథ విడిగా తెలుసుకోవాలి.

మొన్న అమెరికా నుంచి మా మేనల్లుడు వీడియో కాల్ చేసి, "మామయ్యా, నా కొత్త చేపలు చూడు, రోజ్‌లైన్ షార్కులు!" అన్నాడు. చూస్తే మిస్ కేరళలే! పది దాకా ఆరడుగుల తొట్టెలో బారులు తీరి తిరుగుతున్నాయి. ఎక్కడివిరా అని అడిగాను. క్షేత్రంలో పుట్టించినవేనని కనుక్కునే కొన్నాడట. నా మనసు కుదుటపడింది. అవి మనవాళ్ళేరా అని చెబితే వాడికి ఆశ్చర్యం. తను డాలర్లు పోసి కొన్నది మన దేశపు వాగు చేప అని వాడికి అంతవరకూ తెలియదు.

ఈ వానలు తగ్గాక కేరళ వెళ్ళి, ఏదో వాగు ఒడ్డున కూర్చుని వాటిని వాటి ఇంట్లోనే చూడాలని అనుకుంటున్నాను. మా ఆవిడతో చెబితే, "చేపను చూడ్డానికి అంత దూరమా?" అని కాసేపు ఆలోచించి, "కనబడుతుందంటారా?" అన్నది.

"కనబడకపోవచ్చు," అన్నాను.

"అయితే నేనూ వస్తాను. గురువాయూరు కూడా చూసినట్లుంటుంది," అన్నది. టిక్కెట్ల సంగతి రేపు కనుక్కోవాలి.