ఓబులేసు కొండల్లో చలికాలపు నడక

మంచు కురిసే దేశాల్లో చలికాలం వస్తే కొండలెక్కే సరదా మొదలవుతుంది. బూట్ల కింద వెడల్పాటి మంచు చెప్పులు కట్టుకుని, దారి తెలిసిన మనిషి ముందు నడుస్తుంటే, ఆ వెనకే ఒకరి అడుగులో ఒకరు అడుగు వేసుకుంటూ వెళతారు కొత్తవాళ్లు. కర్నూలు, కడప వైపు మంచు మాట దేవుడెరుగు... వాన కురిస్తేనే పండగ! అయినా అలాంటి నడక ఇక్కడా ఒకటుంది. నల్లమల కొండల్లో, నవ నారసింహులు కొలువైన అహోబిలంలో.

చేతిలో కర్ర, భుజాన నీళ్ల సీసా, ముందు గైడు. వెనక నడిచేవాళ్లలో చాలామంది మేడ మెట్లు తప్ప మరేమీ ఎక్కి ఎరగనివాళ్లు. స్కూలు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, కంప్యూటర్ ముందు కూర్చుని వారమంతా గడిపే కుర్రాళ్లు. అందరినీ ఒకే దారిన తీసుకెళ్లి, మళ్లీ అందరినీ కిందికి దించాలి. గైడు పనంతా అదే.

చలికాలమే ఎందుకు?

ఎండాకాలంలో నంద్యాల ప్రాంతపు ఎండ గురించి తెలుగువాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. ఏప్రిల్, మే నెలల్లో కొండ రాళ్లు పెనంలా కాలతాయి. వానాకాలంలో మరో చిక్కు. కొండల నడుమ పారే భవనాశిని ఎక్కడికక్కడ దాటుకుంటూ వెళ్లాలి. పైన ఎక్కడో వాన పడితే కింద చినుకు లేకుండానే నీళ్లొచ్చి మీద పడతాయి. నాచు పట్టిన బండ మీద కాలు నిలవదు. అందుకే నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా కొత్తవాళ్లకు అనువైన కాలం. వాగు తగ్గుతుంది, కానీ పూర్తిగా ఎండిపోదు. అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది. పొద్దున పూట నోట్లోంచి ఆవిరి రాకపోయినా, శాలువా కప్పుకోవాలనిపించేంత చలి మాత్రం ఉంటుంది.

చలికాలానికి ఒకటే లోపం... పొద్దు చిన్నది. డిసెంబరులో సాయంత్రం ఆరు కాకముందే సూర్యుడు దిగిపోతాడు. రెండు కొండల మధ్య లోయలో అయితే చీకటి ఇంకా ముందే కమ్ముకుంటుంది. అందుకే తెల్లవారగానే బయలుదేరమంటారు గైడ్లు. ఎనిమిదింటికి టిఫిను చేసి, తొమ్మిదింటికి ఫొటోలు దిగి, పదింటికి నడక మొదలుపెట్టేవాళ్లను చూస్తే వాళ్లకు మహా చిరాకు.

ఎగువన మొదలు

అహోబిలం రెండు భాగాలు. కింద దిగువ అహోబిలంలో ప్రహ్లాద వరదుడి ఆలయం. అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లు పైకి వెళితే ఎగువ అహోబిలం. అంతవరకూ బస్సు వెళుతుంది. అసలు నడక అక్కడి నుంచే.

జ్వాలా, అహోబిల, మాలోల, వరాహ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన నరసింహులు... ఈ తొమ్మిది ఆలయాల్లో కొన్నింటికి ఆటోలోనే వెళ్లొచ్చు. కారంజ నరసింహుడు రోడ్డు పక్కనే, యోగానంద, ఛత్రవట నరసింహులు దిగువకు దగ్గర్లోనే ఉంటారు. వరాహ, మాలోల, జ్వాలా నరసింహుల దగ్గరికి మాత్రం కాళ్లతోనే వెళ్లాలి. పావన నరసింహుడైతే అడవి లోపలెక్కడో ఉంటాడు.

ఈ కొండల రాయిది కూడా పెద్ద చరిత్రే. భూగర్భ శాస్త్రవేత్తలు మన కడప పేరే పెట్టిన పురాతన శిలల కుటుంబంలోది ఇది. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. ఉక్కులాంటి గట్టి రాయి అరిగిపోదు, పలకలు పలకలుగా పగులుతుంది. అందుకే దారి పొడవునా అంచులు తేలిన రాళ్లు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు. వీటిలో ఏది కదులుతుందో, ఏది కదలదో కొత్తవాళ్లకు తెలియదు.

గైడుకు తెలుస్తుంది. కొండ కింది ఊళ్లలో, చెంచు గూడేల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఆ దారి ఇంటి వాకిలి లాంటిది. ‘‘ఆ రాయి మింద కాలు పెట్టాకండి సామీ, కదుల్తాది’’ అని వెనక్కి తిరగకుండానే చెబుతారు. నడక మొదలైన పది నిమిషాల్లోనే ఎవరి సత్తా ఎంతో వాళ్లకు అర్థమైపోతుంది. అందరికన్నా నిదానంగా నడిచేవాళ్లను పిలిచి తన వెనకే నడవమంటారు. హుషారైన కుర్రాళ్లను చివర్లో పెడతారు. కుర్రాళ్లకు ఇది మొదట నచ్చదు. కానీ మందగా నడిచేవాళ్లు చివర్లో ఉంటే ఏమవుతుంది? ముందున్నవాళ్లు ఆగి సేదతీరతారు. వెనకవాళ్లు రొప్పుకుంటూ వచ్చి కలిసేసరికి వాళ్లు లేచి నడుస్తారు. అంటే అలసినవాళ్లకు విశ్రాంతే దొరకదు! కొండ ఎక్కడంలో మొదటి పాఠం ఇదే.

రెండో పాఠం నీళ్లది. చలికాలంలో దాహం వేయదు. దాహం వేయలేదని నీళ్లు తాగకపోతే మధ్యాహ్నానికి తలనొప్పి, కాళ్ల పట్లు మొదలవుతాయి. అందుకే ‘‘ఈడ కూచోండి, రెండు గుక్కలు తాగండి’’ అని అడక్కుండానే ఆపుతుంటారు.

జ్వాల దాకా...

భవనాశి పక్కనే సాగే దారి కొంతదూరం హాయిగా ఉంటుంది. ఆ తర్వాత ఎక్కుడు మొదలవుతుంది. కొన్నిచోట్ల మెట్లు, కొన్నిచోట్ల వట్టి రాళ్లు. మెట్లంటే గుర్తొచ్చేది పద్నాలుగో శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి. శ్రీశైలానికీ, అహోబిలానికీ యాత్రికుల కోసం మెట్లు కట్టించాడని ఆయనకు పేరు. ఆయన ఆస్థాన కవి ఎర్రాప్రగడ తన నృసింహపురాణాన్ని అహోబిల నరసింహుడికే అంకితమిచ్చాడు. కడప జిల్లా తాళ్లపాక నుంచి వచ్చిన అన్నమయ్య కూడా ఈ స్వామిని ఎన్నో సంకీర్తనల్లో కొలిచాడు.

చివరికి ఎత్తైన కొండ చరియ కింద జ్వాలా నరసింహుడి గుహాలయం. హిరణ్యకశిపుడిని స్వామి సంహరించిన చోటు ఇదేనని నమ్మకం. గుడి ముందు కొండ మీది నుంచి నీళ్లు జారుతుంటాయి. వానాకాలంలో జలపాతంలా దూకే ఆ ధార, చలికాలానికి చినుకుల తెరలా పలచబడుతుంది. పిల్లలు దాని కిందినుంచి కదలనంటే కదలరు. దగ్గర్లోనే రక్తకుండం. సంహారం తర్వాత స్వామి చేతులు కడుక్కున్న గుండమని చెబుతారు. చూడటానికి ఎర్రగా కనిపించే నీళ్లు దోసిట్లోకి తీసుకుంటే తేటగా ఉంటాయి.

చాలామందికి నడక ఇక్కడితో పూర్తయినట్టే. నడవలేని పెద్దవాళ్లకు డోలీలు ఉంటాయి. ఇద్దరు మనుషులు భుజాల మీద మోసుకుంటూ ఆ రాళ్లలోనే ఎక్కుతుంటే, ఖాళీ చేతులతో ఎక్కుతూ ఆయాసపడేవాళ్లకు సిగ్గేస్తుంది.

‘ఈ పొద్దుకు చాలు’

అసలు పరీక్ష ఆ పైన ఉంది. అదే ఉగ్రస్తంభం. కొండ నిలువునా చీలినట్టు, ఆకాశంలోకి పొడుచుకొచ్చినట్టు కనిపించే రాతి స్తంభం. ప్రహ్లాదుడి మాట నిలబెడుతూ నరసింహుడు ఆవిర్భవించింది ఇందులోంచేనంటారు. దానికి దారి అంటూ ఉండదు. రాళ్లను చేతులతో పట్టుకుని పాకాలి. పక్కనే లోయ.

ప్రతి గుంపులోనూ ఎవరో ఒకరుంటారు. కొడుకు ఉద్యోగం కోసమో, కూతురి కాన్పు కోసమో మొక్కుకున్న తల్లి. జ్వాల దాకా వచ్చి, స్తంభం కళ్ల ముందు కనపడుతుంటే ఆగడం ఆమె వల్ల కాదు. మధ్యాహ్నం దాటిపోయింది. కాళ్లు వణుకుతున్నాయి. అయినా ‘‘ఇంతదూరం వచ్చినాం, ఇంక ఎంతుందిలే నాయనా’’ అంటుంది. పైకి తీసుకెళితే గైడుకు నాలుగు రూపాయలు ఎక్కువే వస్తాయి. అయినా మంచి గైడు పొద్దు వైపు చూసి, ఆమె కాళ్ల వైపు చూసి ‘‘ఈ పొద్దుకు చాలమ్మా. ఈడి నుంచే మొక్కుకో. సామి యాడికీ పోడు’’ అంటాడు.

ఆ మాట వినడమే కష్టం. డబ్బిచ్చి తెచ్చుకున్న మనిషి వద్దనడమేమిటని అలిగేవాళ్లూ ఉంటారు. కానీ లెక్క వేసి చూస్తే అతని మాటే నిజం. కొండ ఎక్కడంలో ఆయాసపడేది గుండె, దిగడంలో నలిగేది మోకాలు. అలసిన కాళ్లు జారేదీ దిగేటప్పుడే. ఓపికలో సగానికి పైగా దిగడానికే దాచుకోవాలి. చేతికర్ర ముందు ఆనించి, ఆ తర్వాతే కాలు దించాలి. మరీ ఏటవాలుగా ఉంటే పక్కకు తిరిగి దిగాలి. ఇదంతా వెలుతురు ఉండగానే జరగాలి.

నల్లమలలో చీకటి పడితే ఏమవుతుందో ఈ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే అడవి. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ ఇదే నల్లమలలో, ఉత్తరాన పావురాలగుట్ట దగ్గర కూలిపోయింది. ప్రభుత్వ యంత్రాంగమంతా కదిలినా ఆచూకీ దొరికింది మర్నాడు ఉదయమే. అంతటి అడవిలో దారి తెలిసిన మనిషి మాటకు ఎంత విలువుంటుందో ఊహించుకోవచ్చు.

కలివి కోడి చెప్పిన కథ

ఆ విలువకు కడప జిల్లాలో ఓ గొప్ప సాక్ష్యం ఉంది. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయుడు లోకానికి పరిచయం చేసిన ఓ పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. మళ్లీ దొరికింది 1986 జనవరిలో, కడప జిల్లా లంకమల అడవుల చేరువలో. పట్టుకుంది శాస్త్రవేత్త కాదు. ఆ చుట్టుపక్కల పిట్టలు పట్టే ఓ సామాన్యుడు! కలివి పొదల మధ్య రాత్రిపూట తిరిగే ఆ పక్షిని ఊళ్లవాళ్లు ఎప్పటినుంచో కలివి కోడి అనే పిలుస్తున్నారు. ఆ తర్వాత లంకమలను అభయారణ్యంగా ప్రకటించారు. ఎనభై ఏళ్లకు పైగా పుస్తకాల్లో లేకుండా పోయిన పక్షి పేరు ఊరివాళ్ల నోట్లో మాత్రం నిలిచే ఉంది. ఏ రాయి కదులుతుందో, ఏ మలుపులో నీళ్లుంటాయో చెప్పే అహోబిలం గైడు తెలివి కూడా ఆ కోవలోదే.

చెంచుల బావ

అహోబిలం స్వామికి చెంచులతో చుట్టరికం ఉంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహుడు వాళ్లకు బావ. అందుకే వాళ్లు ఆయన్ని ఓబులేసు అని చనువుగా పిలుచుకుంటారు. సీమ పల్లెల్లో ఓబులేసు, ఓబుల్‌రెడ్డి, ఓబులమ్మ అనే పేర్లన్నీ ఈ కొండ దిగి వచ్చినవే.

ఏటా కనుమ రోజున పారువేట మొదలవుతుంది. చెంచులు పల్లకీ మీదికి బాణాలు సంధించి బావగారిని సాగనంపుతారు. అక్కడి నుంచి ఎగువ, దిగువ ఉత్సవమూర్తులు నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన పల్లెలు తిరుగుతాయి. తన బ్రహ్మోత్సవాలకు రమ్మని స్వామే స్వయంగా గడపగడపకూ వెళ్లి పిలుస్తాడని నమ్మకం. అంటే కొండ ఎక్కలేని ముసలివాళ్ల దగ్గరికి దేవుడే దిగి వస్తాడన్నమాట. ఉగ్రస్తంభం ఎక్కకుండా వెనుదిరిగిన తల్లికి గైడు చెప్పే చివరి ఊరట కూడా అదే. ‘‘కనుమ పోనీమ్మా, సామే మీ పక్కకొస్తాడు.’’

సాయంత్రానికి గుంపంతా ఎగువ అహోబిలం చేరుతుంది. పొద్దున ఎవరికివారుగా వచ్చినవాళ్లు టీ బంకు దగ్గర ఒకరి కాళ్ల నొప్పులు ఒకరు చెప్పుకుంటూ నవ్వుకుంటారు. గైడు మాత్రం టీ తాగేముందు ఒక్కసారి తలలు లెక్కపెట్టుకుంటాడు. పొద్దున బయలుదేరినంత మందీ ఉన్నారా అని.

ఎలా వెళ్లాలి?

అహోబిలం 2022 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. ఇప్పుడు నంద్యాల జిల్లా. కర్నూలు నుంచి వచ్చేవాళ్లు నంద్యాల మీదుగా, కడప నుంచి వచ్చేవాళ్లు మైదుకూరు, చాగలమర్రి మీదుగా ఆళ్లగడ్డ చేరుకోవాలి. అక్కడి నుంచి సుమారు పాతిక కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు నంద్యాలలో దిగాలి. ముందురోజు రాత్రికే దిగువ అహోబిలం చేరి బస చేస్తే పొద్దున్నే నడక మొదలుపెట్టొచ్చు. గైడు రుసుము ఎక్కే ముందే మాట్లాడుకోవడం మంచిది. అడవిలోకి ఎప్పుడు అనుమతిస్తారో, ఏ దారి మూసి ఉందో కింద కనుక్కున్నాకే బయలుదేరాలి. పట్టున్న బూట్లు, చేతికర్ర, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, కాస్త బెల్లం, వేరుశనగ పప్పు ఉంటే చాలు. తినుబండారాలు చేతిలో పట్టుకుంటే కోతులు ఊరుకోవు, సంచిలోనే ఉంచాలి. ఖాళీ సీసాలు మాత్రం కొండ మీద వదలకుండా వెంట తెచ్చుకోవాలి.