పూలజడ ఫోటో

ఆదివారం సెలూన్‌కి వెళ్ళకూడదని ఎన్నిసార్లు అనుకున్నానో! అయినా వెళ్ళాను. కుర్చీలో పద్నాలుగేళ్ళ కుర్రాడు, వెనకాల కాపలాగా వాళ్ళ నాన్న. "చెవుల మీద ఒక్క వెంట్రుక కనపడకూడదు. వెనక మిషను పెట్టెయ్" అంటున్నాడు. జుట్టు ఒకరిది, మాట ఇంకొకరిది. పిల్లాడు అద్దంలో చూసుకోవడం మానేసి ఒళ్ళో పడుతున్న జుట్టునే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. కత్తిరించుకోవడానికి నాకిప్పుడు పెద్దగా ఏమీ మిగల్లేదు, అందుకే మరీ మండిందేమో.

1978లో ఆ కుర్చీలో కూచున్నది నేనే. హిప్పీ జుట్టు రోజులవి. కాలరు తాకేదాకా పెంచానని నాన్న "ఆడంగి వెధవా" అంటూ లాక్కెళ్ళి మిలిటరీ కటింగ్ చేయించాడు. అదే ఏడు అక్క జడ కత్తిరించుకుంటానంటే అమ్మ "మగరాయుడు" అంది. తిట్టే, కానీ అందులో ఎక్కడో ఓ మురిపెం ఉంది. పేరులోనే రాయుడున్నాడు మరి! ఆడంగిలో వెతికినా మురిపెం దొరకదు. అలాగని అక్కకి ఒరిగిందీ లేదు. బిరుదిచ్చారు గానీ కత్తెర ఇవ్వలేదు.

ఆ తిట్టు తిట్టిన నాన్నే, స్థానం నరసింహారావుగారి సత్యభామ గురించి చెప్పేటప్పుడు లేని జడని ముందుకి వేసుకుని నడిచి చూపించేవాడు. ఆడవేషాలతో పేరు తెచ్చుకున్న ఆయనకి 1956లో పద్మశ్రీ వచ్చిందని మనింట్లోవాళ్ళకి వచ్చినట్టు చెప్పేవాడు. 'నర్తనశాల'లో రామారావు బృహన్నలని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. స్టేజీ మీద కళ, ఇంట్లో పరువు తక్కువ!

పోనీ, ఇంట్లో మాత్రం? ముందుగది గోడ మీద నా ఫోటో ఉంది. మూడేళ్ళవాణ్ణి. తిరుపతిలో పుట్టువెంట్రుకలు ఇచ్చేముందు పట్టుపరికిణీ కట్టి, కాటుక పెట్టి, పూలజడ వేసి తీయించారు. జడ కనబడాలని వెనకాల నిలువుటద్దం. స్టూడియోకి ఎత్తుకెళ్ళింది నాన్నే. అప్పుడు దిష్టి తియ్యమన్న నలుగురే, పదకొండేళ్ళ తర్వాత "నలుగురూ ఏమనుకుంటారు" అన్నప్పటి నలుగురూ.

ఆ జడ కుట్టింది మా అత్తయ్య. మొగలిజడ అంటుందావిడ. కాదు, మల్లెమొగ్గల జడ అంటుంది అమ్మ. వేసవిలో వెళ్ళాం, అప్పుడు మొగలిపువ్వెక్కడిదని అమ్మ వాదన. శ్రావణంలో వెళ్ళాం, మిగిలిన రేకులు నీ పట్టుచీరల మడతల్లోనే పెట్టావని అత్తయ్య జవాబు. ఎనభై దాటాయి ఇద్దరికీ. పండక్కి కలిస్తే ముందు ఈ తగువు తేలాలి. ఫోటో దింపి చూద్దామా అంటే, చెమ్మ దిగి సరిగ్గా అద్దం ఉన్నచోటే తెల్లబడిపోయింది.