మడమ నొప్పి సాకు కాదు

ఎదిగే బిడ్డ మడమ నొప్పి అంటే పెద్దలు రెండు విధాలుగా మాట్లాడుతుంటారు. కొందరు బడి ఎగ్గొట్టడానికి సాకు అంటారు. కొందరు భయపడి ఆటలే మాన్పిస్తారు. మా రెండవ అమ్మాయి విషయంలో ఈ రెండు మాటలూ విన్నాము గనుక, మేము తెలుసుకొన్నది సాటి తల్లిదండ్రుల కొరకు వ్రాస్తున్నాము.

అప్పుడు అమ్మాయికి పదకొండేళ్లు. ఖోఖో అంటే ప్రాణం. ఆ యేడు ఒక్కసారిగా పొడవు పెరిగింది. బడిలో పోటీలకు సాధన మొదలైన కొద్ది రోజులకే రెండు మడమలూ నొప్పి అన్నది. పరుగెత్తితే ఎక్కువయ్యేది, పడుకొంటే తగ్గేది. సాయంత్రం మునివేళ్ల మీద నడుచుకుంటూ ఇంటికి వచ్చేది. వాపు లేదు, ముల్లు గుచ్చుకొన్న గుర్తు లేదు. "ఆడపిల్లకు పరుగులెందుకు, మాన్పించండి" అన్నారు బంధువులు. ఆ మాట విన్నప్పటి నుండి బిడ్డ నొప్పిని దాచుకోసాగింది. మాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

పట్నంలో ఎముకల డాక్టరుగారికి చూపించాము. ఆయన మడమను రెండు ప్రక్కల నుండి నొక్కగానే "అమ్మా" అన్నది. ఎక్స్‌రే అక్కర లేదని చెప్పి, సంగతి వివరించారు. పిల్లల మడమ ఎముక వెనుక ఇంకా గట్టిపడని లేత భాగం ఉంటుంది. పిక్క కండను మడమకు పట్టి ఉంచే బలమైన నరం అక్కడే అతుక్కొని ఉంటుంది. ఎదిగే వయస్సులో ఎముక త్వరగా పెరుగుతుంది, కండ అంత త్వరగా సాగదు. బిగిసిన పలుపు గుంజను లాగినట్లు, పరుగెత్తినప్పుడల్లా అది ఆ లేత చోటును లాగుతుంది. అమెరికా వైద్యుడు జేమ్స్ సీవర్ 1912లో దీనిని వివరించారు గనుక సీవర్స్ వ్యాధి అంటారు. ఎక్కువగా 8 నుండి 14 ఏళ్ల పిల్లలకు వస్తుంది. సుమారు 15 ఏళ్లకు ఆ భాగం ఎముకలో కలిసిపోయాక ఇక రాదు. అవిటితనం మిగలదు.

ఆయన చెప్పినట్లే చేశాము. దూకడం, పరుగెత్తడం కొన్ని వారాలు ఆపాము. సైకిలు తొక్కనిచ్చాము. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి, ఆట తరువాత 15 నిమిషాలు మడమకు పెట్టాము. గట్టి నేల మీద వట్టి కాళ్లతో తిరగనివ్వక, మెత్తని మడమ గల బూట్లు కొన్నాము. నొప్పి తగ్గుముఖం పట్టాక, గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనుకకు పెట్టి, మడమ లేవకుండా ముందుకు వంగే వ్యాయామం చేయించాము. ఒక్కొక్క కాలికి 30 సెకన్లు, మూడు సార్లు, ఉదయం, సాయంత్రం. మడమలో ఇంజెక్షన్లు దీనికి తగవని ఆయన గట్టిగా చెప్పారు.

ఆ వారాలలో అమ్మాయి గట్టున కూర్చొని జట్టు పాయింట్లు వ్రాసేది. రెండు నెలలకు మళ్లీ ఆటలో దిగింది. మరుసటి యేడు నొప్పి కొంత తిరిగి వచ్చింది. ఈసారి దాచకుండా మొదటి రోజే చెప్పింది. అవే పద్ధతులతో త్వరగా తగ్గింది.

అయితే ప్రతి మడమ నొప్పీ ఇదే అనుకోకూడదు. జ్వరం, వాపు, ఎరుపు ఉన్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా, దెబ్బ తగిలి కాలు మోపలేకపోయినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.

బిడ్డ కుంటుతూ ఇంటికి వస్తే కోప్పడకుండా ఎక్కడ నొప్పి అని అడగండి. ఆట కొంతకాలం ఆపవలసి వస్తే, మళ్లీ ఎప్పుడు ఆడవచ్చో కూడా బిడ్డకు చెప్పండి.