రెండు వైపులా కొలవాలి

తండావాళ్లు ఫోన్‌లో అరుస్తారని ఒక మాట ఉంది. బస్సుల్లో విన్నాను, ఆఫీసుల్లో విన్నాను, బడి వరండాలో కూడా విన్నాను. టెలిఫోన్ సర్క్యూట్లు కొలిచే పనిలో చాలా ఏళ్లు ఉన్న లంబాడీ మనిషిని కాబట్టి ఆ మాటకు నా దగ్గరున్న జవాబు రాస్తున్నాను.

1990ల్లో సిద్దిపేట ఇంకా మెదక్ జిల్లాలోనే ఉండేది. హైదరాబాద్‌కు కూలికి పోయిన పిల్లలతో మాట్లాడాలంటే తండావాళ్లకు ఊళ్లోని ఎస్టీడీ బూతే దిక్కు. మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెత్తేవి. అటునుంచి కొడుకు "యాడీ, వినబడ్తలేదు, గట్టిగా చెప్పు" అనేవాడు. తల్లి అరిచేది. బయట నిలబడ్డవాళ్లు నవ్వేవారు. కట్టిన పైసల్లో సగం "హలో, హలో"లకే పోయేవి.

ఫోన్‌లో మన మాట ఎట్లా పోతుందో ముందు చెప్పాలి. గొంతులో 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉన్న భాగాన్నే తీసుకొని, సెకనుకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతను 8 బిట్ల అంకెగా మారుస్తారు. అంటే ఒక మాటకు సెకనుకు 64,000 బిట్లు. ఇట్లాంటి 30 మాటలు ఒకే 2 మెగాబిట్ల లైను మీద వరుసగా పోతాయి. పాత అనలాగ్ లైనులో దూరం పెరిగేకొద్దీ మాట సన్నబడేది, దారిలో ఆంప్లిఫయర్లతో లేపాల్సి వచ్చేది. డిజిటల్ లైనులో ఆ బాధ లేదు. 5 అని పంపితే అవతల 5 అనే చేరుతుంది. కాబట్టి మాట సన్నబడితే ముందు కొసల్లో వెతకాలి: మాట అంకెగా మారే చోట, అంకె మళ్లీ మాటగా మారే చోట.

ఆ కొసలను సరిచేయడాన్ని లైనప్ అనేవాళ్లం. ఒక కొస నుంచి 1020 హెర్ట్జ్ టోను నిర్ణీత స్థాయిలో పంపుతాం. సరిగ్గా 1000 ఎందుకు కాదంటే, 8000ని 1000 సమంగా భాగిస్తుంది. అప్పుడు టోనులో ఎప్పుడూ అవే 8 చోట్ల కొలత పడుతుంది, మిగతా మెట్లు పరీక్షకే రావు. 1020 అయితే కొలత పడే చోటు జరుగుతూ పోతుంది. అవతలి కొసలో మీటరు పెట్టి ఎన్ని డెసిబెళ్లు చేరాయో చూస్తాం. తర్వాత అటునుంచి ఇటు పంపించి మళ్లీ చూస్తాం. పోయే మాటకూ వచ్చే మాటకూ దారులు వేరు. ఒకటి బాగుంటే రెండోదీ బాగుందనుకోరాదు. చివరికి టోను ఆపి, మాట లేనప్పుడు ఎంత గరగర ఉందో కొలుస్తాం.

ఆ ఊరి చిన్న ఎక్స్ఛేంజి సర్క్యూట్లను ఒక రోజు నా తోటి టెక్నీషియన్, నేను ఒక్కొక్కటిగా కొలిచాం. పట్నం వైపు నుంచి వచ్చే టోను సరిగ్గానే ఉంది. ఊరి నుంచి పోయేది మాత్రం కొన్ని సర్క్యూట్లలో 9 డెసిబెళ్లు తక్కువ. అంటే శక్తిలో దాదాపు ఎనిమిదో వంతే చేరుతోంది. పంపే వైపు కార్డుల్లో స్థాయిని తగ్గించే ప్యాడ్ అక్కర లేకున్నా ఉండిపోయింది. పట్నం మాట మాకు చక్కగా వినబడేది. మా మాటే పట్నానికి చేరేది కాదు.

కొత్తగా చేరిన పిల్లవాడు "అవతల పెంచితే సరిపోదా అన్నా?" అని అడిగాడు. సరిపోదు. సన్నటి మాట అంకెగా మారేటప్పుడే గరగర కలుస్తుంది. అవతల పెంచితే మాటతోపాటు గరగరా పెరుగుతుంది. మరీ పెంచితే మాట్లాడినవాళ్ల గొంతే తిరిగొచ్చి వాళ్లకు వినిపిస్తుంది. పోయిన చోటే సరిచేయాలి. ప్యాడ్లు తీసి, రెండు వైపులా మళ్లీ కొలిచాం. ఆ తర్వాత బూతులో అరుపులు తగ్గాయి.

ఆ లైను మీద ఎవరు మాట్లాడినా అరవాల్సిందే. షావుకారి అరిస్తే "లైను బాగలేదు" అనేవారు. మా తల్లులు అరిస్తే "తండావాళ్లు అంతే" అనేవారు. మీటరుకు మాత్రం రెండూ ఒకటే, 9 డెసిబెళ్లు తక్కువ.

ఇప్పుడు చేతిలో సెల్‌ఫోన్లున్నాయి. వోల్టీ కాల్‌లో 7000 హెర్ట్జ్ దాకా గొంతు పోగలదు. పాత 3400 హద్దులో 'స'కారపు ఈలలో చాలా భాగం తెగిపోయేది. అందుకే పేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు ఎస్, ఎఫ్ కలగలిసి "ఎస్ ఫర్ సిద్దిపేట" అనాల్సి వచ్చేది.

టీచర్లకు ఒక పని చెప్తాను. ఇద్దరు పిల్లలకు రెండు ఫోన్లు ఇచ్చి వేరే గదుల్లో కూర్చోబెట్టండి. ఒకరు గోర్ బోలిలో 10 మాటలు, తెలుగులో 10 మాటలు మామూలు గొంతుతో చెప్పాలి, రెండోవారు విన్నది తెలుగు లిపిలో రాయాలి. తర్వాత పాత్రలు మార్చండి. ఎన్ని మాటలు ఎటు వైపు పోయాయో బోర్డు మీద లెక్క వేయండి. ఒక పిల్ల మాట వినబడలేదని చెప్పేముందు ఆ లెక్క చూడండి.